సముద్రం సామాను

పొద్దున వస్తుందన్న నీళ్ళ ట్యాంకరు రాలేదు, ఎండ ఎక్కకముందే వస్తామన్న గుంటూరు వ్యానూ రాలేదు, ఆ రెంటి కోసం నేనొక్కదాన్నే వచ్చి ఈ అరుగు మీద కూర్చున్నాను. ఎండ పాకుతూ పాకుతూ వచ్చి నా కాలివేళ్ళ మీద ఆగింది. కాళ్ళు వెనక్కి లాక్కోవాలి, లాక్కోవాలంటే మోకాళ్ళు మడవాలి, మడిచిన మోకాళ్ళు మళ్ళీ లేచేటప్పుడు మాట వినాలి, ఎందుకొచ్చిన గొడవ, కాలితే కాలనీ, పొదిలి ఎండ నాకేమన్నా కొత్తా. వీధి పొడుగునా సామాన్లు వరసగా పడున్నాయి. ఊరికి కొత్తవాళ్ళు చూస్తే ఎవరో ఇల్లు ఖాళీ చేయించి రోడ్డున పారేశారనుకుంటారు. రెబ్కా వాళ్ళ చిల్లుపడ్డ బకెట్టు, దాని వెనక ఖుర్షిదా పెట్టిన సిమెంటు ఇటుక, కిళ్ళీకొట్టు వాళ్ళ కుక్కరు మూత, ఎవరిదో డొక్కు డాల్డా డబ్బా, వాటన్నిటికీ ముందు నా దుంగ. మా వీధి పద్ధతి ఇది. మనిషి ఎండలో నిలబడక్కర్లేదు, మనిషి బదులు వస్తువు నిలబడుతుంది. వస్తువు ఉందంటే మనిషి ఉన్నట్టే. దాన్ని కాలితో జరిపినా, దాని ముందు ఇంకోటి తెచ్చి పెట్టినా జుట్లు పట్టుకునేదాకా పోతుంది వ్యవహారం. నేను చూశాను, ఒకసారి నేనూ పట్టుకున్నాను. ఈ వీధిలో నేను మేష్టారమ్మని, అంతకుమించి నాకో పేరుందని మొన్నమొన్నటిదాకా ఎవరికీ పట్టలేదు. కానీ దుంగని చూపిస్తే చంటిపిల్లలు కూడా ఇది మేష్టారమ్మ వంతు అని చెప్తారు.

“బసవా!”

ఇదుగో, ఇప్పుడే కదా వచ్చి కూర్చుంది. నా వెనకే వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు మా ఆయన. నీళ్ళా అని ఇక్కడినుంచే అరిచాను. జవాబు రాలేదు, ఉన్న మాట ఒక్కటే అయినప్పుడు జవాబు ఎక్కడినుంచి వస్తుంది. లేచి వెళ్ళాను. ఎండ ముఖం మీదికి వచ్చింది పాపం, కుర్చీ పక్కకి జరిపాను, తువ్వాలుతో మూతి తుడిచాను, వచ్చి మళ్ళీ కూలబడ్డాను. చలికాలంలో ఒక పొద్దున బడికి తయారవుతూ చొక్కా గుండీ పెట్టుకోబోయి పడిపోయాడు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, బొమ్మలేసే చెయ్యి కదా అని వచ్చినవాళ్ళందరూ చెయ్యి కోసం ఏడ్చారు, నేను నోటి కోసం ఏడ్చాను. ఒక్క మాట మిగిలింది, నా పేరు. ఒంగోలు డాక్టరు, “ఒక్కోసారి ఇలా ఒక మాట మిగిలిపోతుందమ్మా, కొందరికి బూతు మిగులుతుంది, కొందరికి దేవుడి పేరు, మీవారికి మీ పేరు మిగిలింది, అదృష్టవంతులు” అన్నాడు. ఏం అదృష్టమో, అది నా నడుం విరగ్గొడుతోంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఈయన నన్ను పేరుపెట్టి పిలిచిందే తక్కువ. ఏమే, ఇదుగో, ఒకమాటిను, ఇవే నా పేర్లు. ఇప్పుడేమో దాహమేసినా బసవే, ఈగ వాలినా బసవే, కరెంటు పోయినా బసవే, ఒంటికి వచ్చినా బసవే, కునుకులో ఉలిక్కిపడి లేచినా బసవే. వీధి చివర టీకొట్టుదాకా తెలిసిపోయింది నా పేరు. విసుక్కుంటాను, విసుక్కున్నాక పాపం అనిపిస్తుంది, పాపం అనిపించిన కాసేపటికే మళ్ళీ పిలుస్తాడు, మళ్ళీ విసుగొస్తుంది. అలిసిపోయాను. ఈ ముక్క ఎవరితోనన్నా అనాలని ఉంటుంది, అంటే ఓపిక పట్టమంటారని అనను.

వ్యాను వస్తే ఇల్లు ఖాళీ అవుతుంది, అదొకటి మేలు. ముందుగది నిండా, వరండా నిండా, ఆఖరికి వంటింటి అటక మీద కూడా సముద్రం సామానే. ఆ పేరు మా వీధివాళ్ళు పెట్టింది. ఉప్పుకి తెల్లబడిన కొయ్యలు, వలల బెండ్లు, ముడులు పడిపోయిన తాళ్ళు, సీసాలు, దువ్వెన ముక్కలు, కొత్తపట్నం ఒడ్డున అలలు తెచ్చి పడేసిన ప్రతి చెత్తా మా ఇంట్లోనే ఉంది, ఆ చెత్తతో ఆయన కట్టిన బొమ్మలున్నాయి. ఎలా కట్టేవాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నిన్నటిదాకా వట్టి పుల్ల, పొద్దున లేచి చూసేసరికి ఒంటికాలి మీద కొంగ. రెండు కొయ్యలూ ఒక తాడూ, అంతే, నడుం వంచి మిరప నారు నాటే ఆడమనిషి, దానికి నడుం నొప్పి కూడా కనబడుతుంది. ప్రతి బొమ్మ కిందా చిన్న అట్టముక్క, దాని మీద నాలుగు మాటలు. గుంటూరు బ్రాడీపేటలో ఉదయ్ కుమార్ అని ఒకాయన ఉన్నాడు, ఏదో కోచింగ్ సెంటర్ పై అంతస్తులో బొమ్మల హాలు నడుపుతాడు, పుస్తకాలు కూడా వేస్తాడు, ఈ బొమ్మల్ని హాల్లో పెట్టి వాటి పుస్తకం వెయ్యడానికే ఆ వ్యాను. ఎవరు చెప్పారో, పోయిన వానాకాలం, వాన లేదనుకోండి, పేరుకే వానాకాలం, వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు. ఉదయ్ కుమార్ ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి అట్టముక్కలు పైకి చదివాడు, చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “బొమ్మలు చేసేవాళ్ళని చాలామందిని చూశానండీ మాష్టారూ. కానీ ఈ మాటలున్నాయే, మీరు కవి అండీ! ఇన్నాళ్ళూ ఈ ఎండలో ఎలా దాక్కున్నారండీ?” అన్నాడు. నేను కాఫీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. మా ఆయన నా వైపు చూశాడా? చూశాడనే అనుకుంటాను, చూడలేదేమో. గ్లాసు అందుకుని ఊదుకుంటూ “ఏదోలెండి” అన్నాడు. అంతే. ఏదోలెండి. ఆ కాఫీ ఆయన తాగేశాడు, ఆ మాట మాత్రం నాకు ఇప్పటిదాకా మింగుడుపడలేదు.

ఎందుకంటే ఆ అట్టముక్కల మీద మాటలు నావి. ఒకటీ అరా కాదు, అన్నీ నావే. మాది గుంటూరు వైపు మిరప పండే ఊరు. మా నాన్న పానకాలు చేలో కాయ కోసి కల్లంలో ఆరబోస్తే నేల కనబడేది కాదు, ఎర్రగా కళ్ళు మండిపోయేవి. ఆడవాళ్ళందరూ ముఖానికి గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తూ కూర్చునేవాళ్ళు, దగ్గు, తుమ్ములు, వేళ్ళ చివర మంట, ఆ మంటతో పిల్లల్ని ఎత్తుకోవడానికి కూడా లేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పకపోతే చేతులు ఆగిపోతాయి, ఆ చెప్పేది నేను. “ఒసే బసవా, ఈ తాలుకాయ కథేందే?” అని తెల్లబడిపోయిన కాయ ఒకటి విసిరేవాళ్ళు. మంచుతో పందెం వేసుకుని రాత్రంతా బయట నిలబడింది, గెలిచింది కానీ రంగు ఇచ్చుకోవాల్సొచ్చింది అనేదాన్ని. నవ్వేవాళ్ళు, నవ్వితే ఘాటు గొంతులోకి పోయి దగ్గేవాళ్ళు, దగ్గుతూనే ఇంకోటి విసిరేవాళ్ళు. పెళ్ళై పొదిలి వచ్చాక ఎవరికి చెప్పను. చుట్టూ రాళ్ళు, సజ్జచేలు, తాగితే పళ్ళు పచ్చబడే బోరునీళ్ళు. ఆయనకేమో బడి. హైస్కూల్లో డ్రాయింగ్ మేష్టారంటే లెక్కల మేష్టారు పీరియడ్ లాక్కుంటే బయట చెట్టుకింద నిలబడేవాడని అర్థం. ఎవరి పెళ్ళికో కొత్తపట్నం వెళ్ళి సముద్రం చూసొచ్చాడు, అంతే, ఇక ఆదివారం వస్తే ఒంగోలు బస్సు, అక్కడినుంచి కొత్తపట్నం బస్సు, భుజాన గోతం. మొదటిసారి గోతంలోంచి తీసింది ఒక హవాయి చెప్పు. ఒకటే. అడుగున గవ్వపురుగులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. “తాగటానికి నీళ్ళు లేని ఊళ్ళో సముద్రం తెచ్చి పెడతన్నారేందండీ, దీన్నేమన్నా తాగుతామా, వండుకుంటామా?” అన్నాను. మా పుట్టింటినుంచి వచ్చిన కాయ ముందేసుకుని తొడిమలు తీస్తున్నాను అప్పుడు. ఆయన తెచ్చి ఆ కాయల కుప్ప పక్కనే చెప్పు పెట్టి, “ఏమే, దీని కథేంటంటావు?” అన్నాడు. ఆయనకి మా కల్లం సంగతి తెలియదు, నేనెప్పుడూ చెప్పలేదు. ఎలా అడిగాడో అలా అడిగాడు. నేను తల ఎత్తకుండానే, రెండో చెప్పు ఇంట్లో గుమ్మం దగ్గరే ఉంది, ఆవిడ దాన్ని తియ్యనివ్వదు, రోజూ పొద్దున దాని చుట్టూ ఊడుస్తుంది, అన్నాను. కాసేపు పోయాక చూస్తే పాత నోటు పుస్తకం అట్ట చింపి, తన గుండ్రటి డ్రాయింగ్ మేష్టారి రాతతో అదంతా రాస్తున్నాడు. అలా మొదలైంది. ఓడలో వాడే లావుపాటి బల్బు తెచ్చాడు ఒకసారి, అలల్లో కొట్టుకొచ్చి కూడా పగల్లేదు. వెలగమని ఎవరూ అడగని ఊరు వెతుక్కుంటూ వచ్చింది, పొదిలి అయితే సరిగ్గా సరిపోతుంది అన్నాను, అప్పుడు కూడా కరెంటు లేదు మరి. నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోయాడు. దాన్ని ఒక గూడులాంటి కొయ్యలో గుడ్డులాగా కూర్చోబెట్టాడు. ఇంకోసారి ప్లాస్టిక్ పాప, చేతుల్లేవు. అప్పుడు మాత్రం వెంటనే రాలేదు నాకు, అన్నం వార్చాక వచ్చింది. దాటించినందుకు రెండు చేతులూ సముద్రానికి ఇచ్చేసింది, ఇప్పుడు ఎత్తుకోమని ఎలా అడుగుతుంది? అది చెప్పి నేనే ఏడ్చాను, ఛ, ప్లాస్టిక్ బొమ్మ కోసం ఏడవటం ఏంటి. ఆయన అట్టముక్క మీద రాస్తూ రాస్తూ ఆగి నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ఆ చూపే ఉదయ్ కుమార్ ముందు ఎందుకు చూడలేదు?

హారన్ వినబడింది. లేచాను. లారీ అది, గ్రానైటు లారీ. కూర్చున్నాను. ఖుర్షిదా తన గుమ్మంలోంచి తొంగిచూసి, “అక్కా, ఇయ్యాల వచ్చుద్దంటావా?” అంది. రాకేం చేస్తుంది అన్నాను, రాకపోతే ఏం చేస్తామో నాకూ తెలియదు. ఇంట్లో తొట్టి అడుగున నాలుగు చెంబులుంటాయేమో, ఆయనకి స్నానం చేయించి రెండ్రోజులైంది, ఈ ఎండలో పుండ్లు పడతాయని భయం. మా అమ్మాయి శ్రీరమ్యకి ఫోన్ చేశాను ఒకరోజు, ఒంగోల్లో కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్తుంది అది. ఆ కథలు చెవిలో పోసుకునే పెరిగింది, ఎవరివో దానికి తెలియంది కాదు. పుస్తకంలో మాటలు కూడా నాన్నవేనని వేస్తున్నారటే అన్నాను. “ఎవరి పేరైతే ఏంటమ్మా, ఇంట్లోదేగా” అంది. ఇంట్లోదే. బిందె కూడా ఇంట్లోదే, మోసేది మాత్రం నేనే. అలా అందామనుకున్నాను, దానికీ అక్కడ ఏ తలనొప్పులున్నాయో అని ఊరుకున్నాను. నాకు పేపర్లో పడాలని లేదు. దండలు వెయ్యాలని లేదు. ఆయన నోటితో ఒక్కసారి, ఒక్క బయటి మనిషి ముందు, ఇవి మా ఆవిడవి అనాలని ఉంది. అంతే కదా. అది పెద్ద కోరికా? ఆయన “ఏదోలెండి” అన్నాక నేను వారం పాటు గిన్నెలు ఠప్పుఠప్పున పెట్టాను. ఆయనకి అర్థమైంది, అర్థమవకపోవడానికేమీ లేదు. ఒకరోజు అన్నం కలుపుతూ, “ఉదయ్ కుమార్ మళ్ళీ వస్తాడుగా, అప్పుడు మాట్లాడతాలే” అన్నాడు. ఏం మాట్లాడతారు అని అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు, రోషం. ఆ తర్వాత చలి వచ్చింది, చొక్కా గుండీ దగ్గర అన్నీ ఆగిపోయాయి. ఆ మాట్లాడేదేంటో ఇక నాకు తెలియదు. ఈయన చెప్పలేడు, నేను ఊహించుకుని బతకాలి.

దుంగ మీద కాకి వాలింది. దుంగంటే ఊరికే దుంగ కాదు, తెప్ప ముక్క. చేపల వేటకి వెళ్ళే తెప్పలో దుంగలకి తాడు దూరడానికి కన్నం ఉంటుంది, దీనికీ ఉంది, ఆ కన్నం అంచులు తాడు రాపిడికి నున్నగా అయిపోయాయి. ఇది సునామీ తర్వాత వచ్చింది. కొత్తపట్నం పక్క పల్లెలో నాంచారమ్మ అని ఎండుచేపలు అమ్మే ఆవిడుంది, ఒడ్డుకొచ్చినవి ఏరి ఆయన కోసం పక్కన పెట్టేది. “మేష్టారొచ్చాడు, చెత్త బయటికి తియ్యండే” అని నవ్వేదట. సునామీ వచ్చిన వారంలో ఆయన వెళ్ళి, చీకటిపడే వేళకి వట్టి గోతంతో తిరిగొచ్చాడు. చెప్పులు విప్పకుండా ఈ అరుగు మీదే కూర్చున్నాడు. వలలు బాగుచేసుకునే పాక దగ్గర అన్నీ పోగేసి పెట్టారట, తలుపులు, ట్రంకుపెట్టెలు, తెడ్లు, చొక్కాలు, పక్కనే పల్లె పెద్దలు కూర్చున్నారట. ఆ పల్లెలో పాత పద్ధతి ఒకటుందట. వచ్చినవాళ్ళు వస్తువు మీద చెయ్యి వేసి అది ఎవరిదో పేరు గట్టిగా చెప్పాలి. తనదైతే తన పేరు, మనిషి లేకపోతే ఇంట్లోవాళ్ళు వచ్చి ఆ మనిషి పేరు. అలా చెప్తే చాలు, ఇంకే సాక్ష్యమూ అడగరు. మొగుడి పేరు పుట్టి బుద్ధెరిగి నోటితో అనని ఆడవాళ్ళు, తెడ్డు మీద చెయ్యి వేసి, టిఫిన్ డబ్బా మీద చెయ్యి వేసి, పేరు చెప్తున్నారట. “చెప్పి కూడా చెయ్యి తియ్యటంలేదే” అన్నాడు ఆయన. ఆ రోజు నన్ను ఏ కథా అడగలేదు, నేనూ చెప్పలేదు. నెల పోయాక నాంచారమ్మ కబురు చేసింది. “ఎవురూ రాలా మేష్టారూ ఈ దుంగకి. ఎవురి పేరూ చెప్పలా. పొయ్యిలో పెట్టబుద్ది కాట్లా, మీరే తీసకపోండి.” అలా వచ్చిన దుంగ ఇది. ఆయన ఎన్ని రకాలుగా నిలబెట్టి చూసినా బొమ్మ కాలేదు, నేను ఎంతసేపు చూసినా మాట రాలేదు. బరువుగా ఉంది, ఎవడూ కాలితో తన్నలేడు కదా అని నేనే తెచ్చి ట్యాంకరు వరసలో పెట్టాను. తిడతాడేమో అనుకున్నాను. కన్నంలో వేలు పెట్టి చూసి, “వంతు నిలబెడుతోందిగా, మంచి పనే దొరికింది దీనికి” అన్నాడు.

వ్యాను వచ్చింది. వ్యానే ముందొచ్చింది, చూడండి, నీళ్ళు కాదు. ఉదయ్ కుమార్ దిగి, వరండాలో ఆయన్ని చూసి దగ్గరికొచ్చి, వంగి ఆయన ఎడమచెయ్యి పట్టుకున్నాడు. మంచివాడే. నా కోపం అతని మీద కాదు. సంచీలోంచి కొత్త కార్డులు తీసి నాకు చూపించాడు, పాత అట్టముక్కలు చివికిపోయాయి కాబట్టి తెల్లటి గట్టి కాగితం మీద అందంగా అచ్చేయించాడట. నా చెప్పు కథ, నా బల్బు కథ, నా పాప కథ, ఒక్కోదాని కింద సన్నటి గీత, గీత కింద ‘వీరాంజనేయులు’. ఆ పేరు నేనూ నోటితో అనను, కళ్ళతో చదివాను. “బాగున్నాయా అమ్మా?” అన్నాడు. బాగున్నాయి బాబూ అన్నాను. ఇంకేమనను? చెప్పవచ్చు. ఇవి నావి బాబూ అని అప్పుడే అక్కడే చెప్పవచ్చు. చెప్తే? మంచాన పడ్డ మొగుడికి నోరు లేదని చూసి ఆయన మాటలు తనవని చెప్పుకుంటోంది మహాతల్లి, అంటారు. కాదనడానికి ఆయనకి నోరు లేదు, ఔననడానికీ లేదు. పైకి అనకపోయినా మనసులో అనుకుంటారు. నేనే అయితే అనుకుంటాను. మనుషులు లోపలికి వెళ్ళి ఒక్కోటీ తేవడం మొదలుపెట్టారు, నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో తెలియాలని ఉదయ్ కుమార్ ఒక్కో కార్డూ పైకి చదివి బొమ్మకి తగిలిస్తున్నాడు. అన్నీ పడక్కుర్చీ పక్కనుంచే పోవాలి, వేరే దారి లేదు. ముందు చెప్పు వచ్చింది. “రోజూ పొద్దున దాని చుట్టూ ఊడుస్తుంది. వీరాంజనేయులు” అని చదివాడు.

“బసవా.”

నీళ్ళు కావాలేమో అని గ్లాసు తీసుకెళ్ళాను. ఎడమచేత్తో గ్లాసుని తోసేశాడు, ఉన్న కాసిని నీళ్ళూ చొక్కా మీద ఒలికాయి, నాకు ఏడుపొచ్చింది, నీళ్ళ కోసమే ఏడుపు. చెప్పుని మోస్తున్న మనిషి దాటి పోబోతే ఆయన చెయ్యి చాపి దాన్ని నిలబెట్టిన కొయ్యని పట్టుకున్నాడు. “బసవ” అన్నాడు మళ్ళీ. ఉదయ్ కుమార్ కంగారుపడి, “అమ్మా, ఇవ్వటం ఇష్టం లేదేమో మాష్టారికి, ఉంచేద్దామా?” అన్నాడు. నాకేం తెలుసు బాబూ అన్నాను. వేళ్ళు విడిపించి చెప్పుని వ్యాన్లో పెట్టించాను. బల్బు వచ్చింది. ఉదయ్ కుమార్ చదివాడు, పొదిలి దగ్గరికి వచ్చేసరికి అతనికి నవ్వొచ్చింది, కింద పేరు కూడా చదివాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. బల్బు గూడు మీద ఎడమచెయ్యి వేశాడు, పట్టుకోలేదు, ఊరికే అరచెయ్యి ఆనించాడు. “బసవ.” దాహానికి పిలిచే గొంతు కాదు అది. ఈ నెలల్లో ఆ ఒక్క మాటని ఎన్ని రకాలుగా విన్నానో, ఆకలిది తెలుసు, నొప్పిది తెలుసు, భయానిది తెలుసు. ఇది వాటిలో లేదు. ఇందులో అడగటం లేదు. తర్వాత పాప వచ్చింది, చేతుల్లేని పాప. అరచెయ్యి దాని కడుపు మీద వేసి, అచ్చేసిన పేరు వంక చూసి తల అడ్డంగా ఊపి, ఉదయ్ కుమార్ కళ్ళలోకి చూస్తూ “బసవ” అన్నాడు. చెప్పాక చెయ్యి తియ్యలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. వట్టి గోతంతో వచ్చి, చెప్పులు విప్పకుండా ఈ అరుగు మీద కూర్చున్న మనిషి కళ్ళముందుకొచ్చాడు. చెప్పి కూడా చెయ్యి తియ్యటంలేదే. మాట్లాడతాలే అన్నది ఇదే. ఇదేనయ్యా, ఇదే. ఎన్నిసార్లు విసుక్కున్నాను, మళ్ళీ ఏం కావాలి అని ఎన్నిసార్లు అరిచాను, నాయనా. ఉదయ్ కుమార్ నా వంక, ఆయన వంక, చేతిలో కార్డు వంక చూశాడు. “ఏమంటున్నారమ్మా?” అన్నాడు మెల్లగా. చెప్పడానికి నోరు తెరిచాను, సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో ట్యాంకరు హారన్ కొట్టింది, ఈసారి నిజం ట్యాంకరే, ఇళ్ళలోంచి బిందెలు మోగుతూ జనం బయటపడ్డారు, గౌస్ బాషా డ్రైవరు సీట్లోంచి, “తొందరగా కానియ్యండమ్మా, ఇంకో రెండు బజార్లు తిరగాల!” అని కేకలు. మొదటి వంతు నాది. “ఆయన్నే అడగండి బాబూ. ఆ కార్డు చూపించి అడగండి. తల ఊపటం వచ్చు ఆయనకి” అని, బిందెలు రెండు చంకల్లో పెట్టుకుని పరిగెత్తాను. మోకాళ్ళ సంగతి గుర్తు కూడా రాలేదు.

వెనకనుంచి ఉదయ్ కుమార్ గొంతు వినబడింది. “మాష్టారూ, ఈ మాటలు అమ్మగారివా?” వరసలో రెబ్కా బకెట్టు మోగింది. తర్వాత ఆయన గొంతు, వీధంతా వినబడేలా, ఉన్న ఒక్క మాటనీ ఉన్న బలమంతా పెట్టి. ఇంకో బొమ్మ వచ్చినట్టుంది, మళ్ళీ అదే మాట. మళ్ళీ.

ఖుర్షిదా నా భుజం పట్టుకుని, “అక్కా, మేష్టారు పిలుస్తన్నాడు, పో, నీ బిందెలు నే పడతాలే” అంది.

“పిలవటంలా ఖుర్షిదా. అయ్యి ఎవరియ్యో చెప్తన్నాడు” అన్నాను. వంగి రెండు చేతులా దుంగని ఎత్తి పక్కన పెట్టాను, అది ఉన్న చోట నేను నిలబడ్డాను, పైపు కింద బిందె పెట్టాను.